ఆంప్లిఫయర్ మీద అల్లిక గుడ్డ

దేవసహాయానికి ఆంప్లిఫయర్లంటే పిచ్చి. నాచారంలో ఒక ఇంజినీరింగ్ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా డ్రిల్లింగ్ మిషన్ మీద పని. డ్యూటీ దిగి ఉప్పల్‌లో ఇల్లు చేరాడంటే చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండాల్సిందే. ఎవరి పెళ్లిపందిట్లోనైనా మైకు కుయ్యిమంటే ఈయనకు అన్నం సయించదు. అదో రకం మనిషి లెండి.

భార్య లూర్దమ్మ చర్చిలో పాడేది. పాడేదంటే మామూలుగానా! మైకు లేకుండానే గేటు దాకా వినిపించేది. నిరుడు గొంతు ఆపరేషన్ అయ్యాక ఆ స్వరం సన్నబడిపోయింది. "ఇగ నేను పాడ. ముందు బెంచీలోళ్లకే ఇనబడదు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ప్రాణం చివుక్కుమంది.

"నువ్వు గుసగుసలాడినా ఇనబడేటట్టు నేను చేస్త. జర ఓపిక పట్టు."

మూడు నెలలు పట్టింది. సన్నటి గొంతు చెదరకూడదని, పాట ఉన్నా లేకున్నా ట్రాన్సిస్టర్లలో కరెంటు పారుతూనే ఉండేలా డిజైన్ చేశాడు. అట్లాంటిది ఊరికే వేడెక్కుతుంది. అందుకని లోపల వేడిని లాగేసే రెక్కలున్న అల్యూమినియం దిమ్మ, పైమూతకు గాలి పోయే రంధ్రాలు. వేడి హద్దు దాటితే 'టక్'మని రిలే అనే స్విచ్చి పడి, ఏదీ కాలిపోకముందే శబ్దం ఆగిపోతుంది.

మొదటి ఆదివారం పూజలో రెండో చరణం దగ్గర 'టక్'. లూర్దమ్మ తెరిచిన నోటితో అట్లాగే నిలబడిపోయింది. ఇంటికి తెచ్చి మూత తీసి నాలుగు గంటలు నడిపాడు, నిక్షేపంలా నడిచింది. రెండో ఆదివారం మళ్లీ అదే చోట, అదే 'టక్'.

"దేవునికే నా గొంతు నచ్చుతలేదు, గ్రేసీ నాయిన," అంది ఆమె, ఎప్పట్లా కూతురి పేరుతో ఆయన్ని పిలుస్తూ. "వద్దంటుండు. ఇడిసిపెట్టు." ఇంటికొచ్చాక ఆమె నోట పాట లేదు, వంటింట్లో కూనిరాగం కూడా లేదు.

ఆ మధ్యాహ్నమే, ఎవరూ స్విచ్చి ఆపని ఆంప్లిఫయర్‌ను చర్చి నుంచి తెద్దామని వెళ్లి, మూత రంధ్రాలన్నిటినీ కప్పేసి ఉన్న గుడ్డ తీశాడు. పెనం మీంచి దించిన రొట్టెలా వెచ్చగా ఉంది! అయ్యో రామచంద్రా అనబోయి, చర్చి కదా, నాలుక కరుచుకున్నాడు.

లూర్దమ్మ అల్లిన గుడ్డ అది. ఆమెకు ప్రతిదానికీ గుడ్డ కప్పాలి. టీవీకి, ఫ్రిజ్‌కి, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కీ కుచ్చుల గుడ్డ. ముప్పై ఏళ్లు చూసీ చూసీ ఆయన కళ్లకు గుడ్డలు ఆనడమే మానేశాయి. ఇంట్లో పరీక్షించిన ప్రతిసారీ దాన్ని తనే తీసి పక్కన పెట్టాడు, ఆ సంగతే తోచలేదు.

చెబితే, 'పాట ఆపింది నా చేతులేనా' అని ఆమె కుమిలిపోతుంది. డబ్బా ఇంటికి తెచ్చి, చెప్పకుండా స్కేలు తీసుకుని గుడ్డ కుచ్చు ఎంత వేలాడుతుందో కొలుస్తుంటే ఆమె చూడనే చూసింది. గుడ్డ వంక, మూతకున్న రంధ్రాల వంక చూసేసరికి ఆమె ముఖం పాలిపోయింది.

"నేను కప్పినందుకేనా? తీసెయ్యి మరి!"

"ఎందుకు తియ్యాలె? నువ్వు కప్పుతవని నాకు ఎరుకే గదా. ఎరుక ఉండి గూడ గట్ల చేసినోనిది తప్పు."

వారం రోజులు కూర్చుని డబ్బా తీరు మార్చాడు. రంధ్రాలు మూసి, రెక్కల దిమ్మను వెనక బయటికి నిలువుగా బిగించాడు. కుచ్చు తగలకుండా దాని పైన రెండు కమ్మీలు అడ్డం పెట్టాడు.

ఆదివారం గుడ్డ కప్పే ఉంది. లూర్దమ్మ మళ్లీ పాట మొదలుపెట్టింది. దేవసహాయం 'టక్' కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు. రెండో చరణం దాటింది. మూడోది కూడా. ఒకచోట గొంతు జీరబోయింది, మళ్లీ అందుకుంది. ఆ తర్వాత ఆయన రిలే సంగతే మరిచిపోయాడు.

పాట ముగించి వచ్చి పక్కన కూర్చుంది. "ఎట్లున్నది?" అని మెల్లగా అడిగింది.

ఆయన ఆమె చేతిని పట్టుకుని, బాగుందన్నట్టు తల ఊపాడు.