పైకి చెబితేనే

అతను కళ్లద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు సానపట్టేవాడు. మిషను రొదలో మాటతో పనిపడేది కాదు. తోటివాళ్లు సైలెన్సర్ అని పిలిచేవాళ్లు. కౌంటర్లో కూర్చునే అమ్మాయి పని మానేసింది. "సోమవారం నుంచి నువ్వే కూర్చో. చేతకాకపోతే వేరే పని వెతుక్కో" అన్నాడు యజమాని. అప్పటినుంచి అతనికి ముద్ద దిగడం లేదు.

ఆదివారం అక్క అతన్ని గ్రంథాలయం మేడమీదకి లాక్కెళ్లింది. అక్కడ బల్ల చుట్టూ కొందరు పెద్దవాళ్లు తలా ఒక వేషం తీసుకుని, పాచికలు వేస్తూ కథ ఆడుతున్నారు. నలుగురిలో నోరు పెగలనివాళ్ల కోసం ఒక రిటైరైన నర్సు ఆ ఆట నడుపుతోంది. నియమం ఒకటే. పైకి చెప్పని పని కథలో జరగనట్టే.

"నేను మాట్లాడకపోతే ఏమవుతుందక్కా?" అన్నాడు మెట్లమీదే.

"ఏమీ అవదు. అదే కదరా నీ రోగం."

అతనికి కాపలావాడి వేషం ఇచ్చారు. కథలో వంతెన తెగింది. బల్లకి అటువైపు కూర్చున్న ఒక బస్సు డ్రైవరు వేసిన వేషం లోయలో వేలాడుతోంది. తాడు కొస కాపలావాడి చేతిలో ఉంది.

"ఏం చేస్తావు బాబూ?" అంది నర్సు.

అందరూ అతనివైపు తిరిగారు. అతను తల ఊపాడు.

"తలూపితే తాడు ఆగదు. జారుతోంది."

"లాగు తమ్ముడూ," అన్నాడు డ్రైవరు. "ఇంటికి ఆలస్యంగా పోతే మీ వదిన ఊరుకోదు."

నర్సు పాచిక చేతిలోకి తీసుకుంది. ఆమె గుప్పిట విచ్చేలోగా అతని గొంతు కీచుమంది.

"నేను... తాడు నడుముకి చుట్టుకుంటున్నాను. కాళ్లు రాయికి ఆనిస్తున్నాను. లాగుతున్నాను."

పాచికమీద పెద్ద అంకె పడింది. డ్రైవరు బతికాడు. తాడు లాగినవాడి చొక్కా మాత్రం చెమటతో వీపుకి అంటుకుపోయింది.

సోమవారం కౌంటర్ వెనక అదే చెమట. గాజుతలుపు అవతల యజమాని నిలబడి చూస్తున్నాడు. ఒక ముసలావిడ వచ్చి, కాడ ఊడిన కళ్లజోడు అతని ముందు పెట్టింది.

"ఇది బాగవుతుందా?"

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది. యజమాని తలుపు పిడిమీద చెయ్యి వేశాడు.

"నేను మీ కళ్లజోడు అందుకుంటున్నాను," అన్నాడు అతను. "స్క్రూ వెతుకుతున్నాను."

అనేశాక తెలిసింది, ఇది ఆట కాదని. చెవులు వేడెక్కాయి.

ఆవిడ కళ్లు చికిలించింది. "నాకు కనపడదని అన్నీ పైకి చెబుతున్నావా నాయనా? మంచిపని. చెబుతూ ఉండు."

యజమాని చెయ్యి పిడిమీదే ఉంది. అతను స్క్రూల డబ్బా బల్లమీద ఒంపాడు.

"దొరికింది," అన్నాడు అతను. "ఇప్పుడు... బిగిస్తున్నాను."