నాలుగు వేళ్ళ పొడుగు

మొన్న భాద్రపదం చివర్లో, భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు సెలవులకి కొవ్వూరు వచ్చి, స్నేహితురాలి పుట్టినరోజుకి ఏదో కొనాలంటూ నన్ను బ్రిడ్జి దాటించి రాజమండ్రి తీసుకెళ్ళింది. "నువ్వు ఊరికే కూర్చుందువుగాని రా అమ్మమ్మా, ఏసీ ఉంటుంది" అంది. ఏసీ కోసం గోదావరి దాటే వయసు వచ్చిందన్నమాట నాకు. మెయిన్ రోడ్డులో కొత్తగా తెరిచిన ఆ షాపుకి అద్దాల తలుపులు. లోపల మనిషి మాట వినపడనంత పాట, పువ్వుదో పండుదో తేల్చుకోలేని వాసన. కింది అంతస్తంతా కానుకల సామాను. బొచ్చు ఎలుగుబంట్లు, వెలిగించకుండానే వాసన కొట్టే కొవ్వొత్తులు, నాన్నని మెచ్చుకుంటూ ఇంగ్లీషులో రాసిన కాఫీ కప్పులు. మా రోజుల్లో నాన్నగారికి ఎదురుగా నిలబడటమే గొప్ప. ఇప్పుడు కప్పు కొనిస్తే సరిపోతోంది. మనవరాలు అక్కడ ఒక్కో వస్తువూ ఎత్తి, ఫొటో తీసి, ఎవరికో పంపి, వాళ్ళు బాగుందనేదాకా ఆగి, మళ్ళీ కింద పెట్టేస్తోంది. ఈ తతంగం ఇప్పట్లో తెమిలేది కాదని నేను పై అంతస్తుకి వెళ్ళాను.

పైన బట్టలు. మెట్లెక్కగానే తలల్లేని బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. అందులో ఒకదానికి నేరేడుపండు రంగు కుర్తీ తొడిగారు. మెడ చుట్టూ తెల్లదారంతో సన్నని కుట్టుపని. చూడగానే "అక్కకి బాగుంటుంది" అనుకున్నాను. ఆ మాట నాది కాదు, మా అమ్మది. బట్టల కొట్టు గడప తొక్కితే చాలు, అమ్మ నోటి వెంట మొదట వచ్చే మాట అది. అమ్మ పోయి ఏడాది దాటింది. మా అక్క పోయి యాభై ఏళ్ళు దాటింది.

అక్క తొమ్మిదో ఏట విషజ్వరంతో పోయింది. నాకప్పుడు ఏడేళ్ళు. ఆమె మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. జడ కొస నోట్లో పెట్టుకుని కొరుకుతూ లెక్కలు చేసుకోవడం మాత్రం గుర్తుంది. మా ఇళ్ళలో పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళకి కొత్తబట్టలు పెట్టడం ఆచారం. గదిలో పీట మీద బట్టలు ఉంచి, అంచుకి పసుపు రాసి, వాళ్ళకి ఇష్టమైనవి ఆకులో వడ్డించి, దీపం వెలిగించి, తలుపు దగ్గరగా వేస్తారు. వాళ్ళు వచ్చి చూసుకుని వెళతారని నమ్మకం. కాసేపాగి తలుపు తీసి, ఆ బట్టలు ఇంట్లో ఎవరో ఒకరు కట్టుకుంటారు. తాతయ్య పేరిట పెట్టిన పంచె నాన్నగారు కట్టుకునేవారు. అక్క బట్టలు నాకు వచ్చేవి. ఇంట్లో ఇంకో ఆడపిల్ల లేదు.

మొదటి ఏడు నాయనమ్మే ఏదో పావడా, జాకెట్టు తెప్పించి పెట్టింది. రెండో ఏడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని లాంచీ ఎక్కి రాజమండ్రి వచ్చింది. ఇప్పుడు ఈ అద్దాల షాపు ఉన్న వరసలోనే అప్పుడొక బట్టల కొట్టుండేది. దాని అరుగు మీద మిషను పెట్టుకుని ఒక ముసలి దర్జీ కూర్చునేవాడు. అమ్మ నేరేడు రంగు గుడ్డ చింపించి ఆయన ముందు పెట్టి, "దీని అక్కకండి. దీనికంటే నాలుగు వేళ్ళు పొడుగుంటుంది" అంది.

"పెద్దమ్మాయిని కూడా తీసుకురావాల్సిందమ్మా, కొలత సరిగ్గా వచ్చేది" అన్నాడాయన.

"ఇవాళ రాలేదండి" అంది అమ్మ, పక్కవీధి నుంచి రాలేదన్నంత మామూలుగా. తరవాత నా భుజాలు పట్టుకుని, "మునివేళ్ళ మీద నిలబడు. కదలకు" అంది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చల్లటి టేపు నా వీపు మీద జారింది. నా అక్క ఎత్తు నా ఒంటి మీదే కొలిచారు. తిరిగి వచ్చేటప్పుడు లాంచీలో పిక్కలు నొప్పి పెడుతున్నాయని ఏడిస్తే అమ్మ కాళ్ళు నొక్కింది.

ఆ పావడా చూసి నాయనమ్మ ఇల్లు అదరగొట్టేసింది. "పోయిన పిల్లకి వయసేంటే పిచ్చిదానా! తొమ్మిదేళ్ళ పావడాయే పెట్టాలి. ఇంత పొడుగు గుడ్డ పెడితే తట్టుకుని పడిపోదూ?"

"నా కూతురు పెరగకుండా ఎలా ఉంటుందండి అత్తయ్యగారూ?" అంది అమ్మ. జన్మలో అత్తగారికి ఎదురు చెప్పని మనిషి. అదే పావడా తీసుకెళ్ళి పీట మీద పెట్టింది. ఆ మధ్యాహ్నం గది తలుపు వేశాక నేను బయట గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. ఆ గదికి అప్పటికి కరెంటు లేదు, ఫ్యాను లేదు. కిటికీ బిగించే ఉంది. లోపల కొత్త గుడ్డ కదిలిన చప్పుడయింది. పావడా కుచ్చిళ్ళు సవరించుకుంటే వచ్చే చప్పుడు అది. "పిల్లి అయ్యుంటుంది" అన్నారు నాన్నగారు. తలుపు తీస్తే పిల్లి లేదు. పావడా మడత మాత్రం ఒక పక్కకి జరిగి ఉంది. అది నాకు తొడుగుతుంటే నేను చేసిన రాద్ధాంతం వీధంతా విన్నది. అప్పుడే ఎవరో విడిచిన బట్టలా వెచ్చగా ఉందని నేనంటే, దీపం పక్కన ఉంది కదా అని అమ్మ అంది. దీపం అంత దగ్గరగా ఏమీ లేదు.

అలా మా అక్క ఏటేటా బట్టల కొట్లో పెరిగింది. ఆమె బట్టలు నాకు ఎప్పుడూ వదులే. జాకెట్టు భుజాల మీంచి జారేది, పావడా కింద మట్టి ఊడ్చేది. అమ్మ లోపలికి మడిచి కుట్టేది, నేను పెరిగినకొద్దీ ఆ కుట్లు విప్పేది. చివరికి సరిపోయాయనుకునేసరికి అమావాస్య వచ్చేది, ఇంకా పెద్దవి వచ్చేవి. నేను ఎంత పరిగెత్తినా ఆమె నాకంటే ముందే ఉండేది. బళ్ళో ఎవరైనా "ఎవరి పావడానే అది?" అంటే "మా అక్కది" అనేదాన్ని. "మీ అక్క ఎక్కడ?" అంటే పావడా ఎత్తిపట్టుకుని ఇంటిదారి పట్టేదాన్ని. నేనింకా గౌన్లలో తిరుగుతుండగానే అక్కకి ఓణీ వచ్చింది. అది నా వంతు వచ్చేదాకా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ పెట్టె మీద కూర్చోవడానికి నాకు భయం.

నాకు పెళ్ళి కుదిరినప్పుడు మరీ విడ్డూరం. "పెద్దది ఉండగా చిన్నదానికి ముందెలా చేస్తామండి?" అని అమ్మ నాన్నగారిని నిలదీసింది. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, నన్ను, అమ్మని రాజమండ్రి తీసుకెళ్ళారు. ముందు అక్కకి పట్టుచీర కొన్నాకే నాకు కొన్నారు. నా చీర కంటే ఆ చీర అంచే పెద్దది. అప్పట్లో నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు? బతికున్నదాన్ని నేనిక్కడుండగా అని లోలోపల ఉడికిపోయాను. తరవాత తరవాత కోపం పోయి ఆశ్చర్యం మిగిలింది. అమ్మ లెక్కలో అక్కకి ముప్ఫై దాటగానే రంగులు తగ్గాయి. యాభై రాగానే, "దానికి మోకాళ్ళ నొప్పులొచ్చి ఉంటాయే, బరువు చీరలు మొయ్యలేదు" అని మెత్తటి నేతచీరల్లోకి దిగింది. అప్పటికి నాకు ఏ నొప్పులూ లేవు. సరిగ్గా రెండేళ్ళకి నాకూ మోకాళ్ళు పట్టేశాయి. ఆ మాట అమ్మతో అంటే, "చెప్పానా!" అంది.

పోయే ముందు రోజుల్లో అమ్మ ఒకరిని చూసి ఇంకొకరు అనుకునేది గానీ ఈ ఒక్క సంగతి చెదరలేదు. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "అమావాస్యకి అక్కకి ఏం కొంటావో ఏంటో. నీకసలే ఎంపిక రాదు" అంది. నాతో ఆమె తెలివిలో ఉండగా అన్న ఆఖరి మాట అదే. నిరుడు ఏటిసూతకమని అమావాస్య జరపలేదు. ఈ ఏడు అమ్మకి చీర ముందే కొని బీరువాలో పెట్టాను. అక్కకి మాత్రం కొనలేదు. మానేద్దామనుకున్నాను. నాయనమ్మ లేదు, నాన్నగారు లేరు, ఇప్పుడు అమ్మా లేదు. అక్కని చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నేను ఇవాళ కాకపోతే రేపు మానాల్సిందే, నా తరవాత ఇంకెవరు పెడతారు? కానీ నేను మానేస్తే ఆమె పెరగడం అక్కడితో ఆగిపోతుంది. మళ్ళీ పోయినట్టే. ఈసారి నా చేతుల్లో. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ టీవీ పెట్టుకునేదాన్ని.

షాపులో ఆ కుర్తీ ముందు నేను అలా ఎంతసేపు నిలబడ్డానో, ఒక అమ్మాయి వచ్చి, "ఎవరికండి మేడమ్?" అంది.

"మా అక్కకి" అన్నాను. నోరు జారింది, అంతే.

"ఆవిడ సైజెంతండి?"

"నాకంటే నాలుగు వేళ్ళు పొడుగమ్మా."

"ఆవిడని కూడా తీసుకొస్తే బాగుండేదండి, వేసి చూసుకునేవారు."

"ఇవాళ రాలేదమ్మా" అన్నాను. అది నా గొంతులా లేదు. ఆ అమ్మాయికేం తెలుసు, "అయితే మీరే ఒకసారి ట్రయల్ చెయ్యండి, ఐడియా వస్తుంది" అని కుర్తీ నా చేతిలో పెట్టి గది చూపించింది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో చీరల్లో పాఠాలు చెప్పినదాన్ని, జీవితంలో కుర్తీ తొడగలేదు. ఆ ఇరుకు గదిలో మూడు వైపులా అద్దాలు. ఎటు చూసినా నేనే, ఎవరికీ నా మీద సదభిప్రాయం ఉన్నట్టు లేదు. కుర్తీ తొడిగి, అలవాటు చొప్పున మునివేళ్ళ మీద లేచాను. అద్దాల్లో మూడు వైపులా నాకంటే కొంచెం పొడుగాటి మనిషి లేచింది. నెరిసిన జుట్టు, అమ్మ గడ్డం, నాకు తెలియని చూపు. ఆమె నన్ను చూసింది. నాకు భయం వెయ్యలేదని చెప్పను. కళ్ళు తిప్పుకోవాలని మాత్రం అనిపించలేదు. ఇంతలో పిక్క పట్టేసింది, మోకాలు కలుక్కుమంది, గోడ పట్టుకుని మడమలు దించేశాను. ఆమె కూడా నాతోపాటే దిగింది.

"సరిపోయిందా అమ్మమ్మా?" అంది బయటినుంచి, నన్ను వెతుక్కుంటూ పైకి వచ్చిన మనవరాలు. తలుపు తీస్తే నన్ను కుర్తీలో చూసి, "ఎవరికి అమ్మమ్మా ఇది?" అంది. అక్కడే స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. మా అమ్మాయికి కూడా ఇంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. అది కళ్ళు తుడుచుకుని, తన ఈడువాళ్ళు చేసే పనే చేసింది. "పెద్దమ్మమ్మకి గిఫ్ట్ ప్యాక్ చేయిస్తానుండు" అని కిందికి పరిగెత్తింది. నా సైజుదే తీసుకున్నాను. పొడుగుది లేదన్నారు. ఉందన్నా తీసుకునేదాన్నో లేదో.

అమావాస్యనాడు పీట మీద అమ్మ చీర, దాని పక్కన మెరుపు కాగితంలో చుట్టిన అక్క కుర్తీ పెట్టాను. కుర్తీ అంచుకి పసుపు రాయాలని కాగితం విప్పబోతే మనవరాలు ఒప్పుకోలేదు. "ఆవిడ గిఫ్ట్ ఆవిడే విప్పుకోవాలి కదా" అంది. సరేనని కాగితానికే రాసి, పాకంగారెలు వడ్డించి, ఫ్యాను కట్టేసి తలుపు వేశాను. ఇద్దరం బయట కూర్చున్నాం. మనవరాలు ఫోను పక్కన పెట్టి నాలాగే గోడకి చెవి ఆనించింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత కాగితం చిరిగిన చప్పుడు. మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిల్లి అయ్యుంటుంది" అన్నాను. తలుపు తీస్తే పిల్లి లేదు. కాగితం ఒక మూల చిరిగి ఉంది. వస్తూ వస్తూ మెట్ల మీద పడేశానని, అప్పుడే చిరిగిందేమోనని మనవరాలు నసిగింది. అయ్యుండొచ్చు. మా అమ్మకి మాత్రం ఓపిక తక్కువ. ఏ పొట్లమూ ముడి విప్పి తీసేది కాదు, చింపి అవతల పారేసేది.

కుర్తీ తొడుక్కున్నాను. భుజాలు జారలేదు, చేతులు మడవలేదు, ఎక్కడా లోపలికి కుట్టు వెయ్యాల్సిన పనిలేదు. అక్క కోసం కుట్టిన బట్టల్లో మొదటి రోజే నాకు సరిపోయింది ఇదొక్కటే. అమ్మ చూస్తే పొడుగు తగ్గిందని గొడవ చేసేదే. వయసు మళ్ళాక మనుషులు కాస్త కుంగుతారమ్మా, అక్క కూడా కుంగే ఉంటుంది అని గది వైపు తిరిగి చెప్పాను. ఎవరూ కాదనలేదు. చిన్నప్పటినుంచీ నేను అందుకోలేకపోయిన ఆ నాలుగు వేళ్ళనీ కాలమే కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చి, ఇన్నాళ్ళకి మా అక్కని నా పక్కన నా ఎత్తున నిలబెట్టింది.