నల్ల కళ్లజోడులో పదహారు

ఆ నల్ల కళ్లజోడు తలుచుకుంటే నాకిప్పటికీ రోత పుడుతుంది.

ఆ రోజు మా బాబాయి వేసవిలో కోసిన దాళ్వా ధాన్యం మిల్లుకి తోలుతుంటే, కాలేజీకి సెలవు కదా అని నేనూ ట్రాక్టరెక్కాను. పాలకొల్లు దగ్గర మిల్లు. మబ్బు కమ్ముకొస్తోంది. తేమ పదిహేడు శాతం దాటితే దింపుకోరు. వాళ్లడిగినంత తరుగుకి ఒప్పుకోవాలి, లేదంటే వెనక్కి తీసుకెళ్లి ఆరబెట్టుకోవాలి. ఈలోగా వాన పడిందా, గింజలన్నీ మొలకలే.

రేకుల షెడ్డులో మసక చీకటి. అంత చీకట్లోనూ గుమాస్తా నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడే ఒళ్లు మండింది. గుప్పెడు గింజలు తేమ మిషనులో పోసి, "ఇరవై ఒకటండి" అన్నాడు.

చూస్తే స్క్రీను మీద ఏమీ లేదు. ఉత్త బూడిదరంగు పలక.

"అంకెలేవయ్యా?"

"ఎండకి మాసిపోయిందండి. చూసీ చూసీ నాకు అలవాటైపోయింది."

బాబాయి బుద్ధిగా తలూపాడు. ఫిజిక్సు చెప్పేవాణ్ణి, నాకు తెలియదా? స్క్రీనులోని ద్రవస్ఫటికం, అదే లిక్విడ్ క్రిస్టల్, కాంతి ఊగే దిశను మారుస్తుంది. పైన అంటించిన పల్చటి ఫిల్మ్ ఆ తేడాను అంకెలుగా చూపిస్తుంది. ఆ ఫిల్మ్ పీకేస్తే అంకెలు అక్కడే ఉంటాయి, కానీ అలాంటి ఫిల్మే ఉన్న కళ్లజోడు పెట్టుకున్నవాడికి తప్ప కనబడవు.

కళ్లజోడు లాక్కుని పెట్టుకున్నాను. పదహారు! తల బాగా పక్కకి వాల్చాను. నల్ల అంకెలు తెల్లబడ్డాయి గానీ, పదహారు పదహారే. కళ్లజోడు తీసేశాను.

"ఛీ! ఎవడు నేర్పాడ్రా నీకీ దిక్కుమాలిన తెలివి?"

వాడు నా మొహంలోకి చూసి చటుక్కున లేచాడు. కుర్చీ తుడిచి నా ముందుకి లాగాడు.

"మాస్టారూ, మీరా! ఆ కళ్లజోట్లోంచి మిమ్మల్ని పోల్చుకోలేదండి. ఇంటర్లో మీరే కదండీ క్యాలిక్యులేటర్ ఫిల్మ్ పీకి చూపించారు? ఆ పాఠం ఒక్కటీ మర్చిపోలేదండి."

మొహంలో సిగ్గన్నది లేదు, పైగా గురుభక్తి! వాడు తుడిచిన కుర్చీని చూస్తేనే అసహ్యం వేసింది. ఆ భక్తితోనే పదహారు రాసి మా ధాన్యం దింపించాడు. ఆ తర్వాత కళ్లజోడు కోసం చెయ్యి చాపాడు. మా వెనక ఇంకో ట్రాక్టరుంది.

"మన పనైపోయింది కదరా, ఇచ్చెయ్. పద," అంటూ బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

నేను చెయ్యి విడిపించుకుని కళ్లజోడు ఆ వెనక ట్రాక్టరు రైతుకిచ్చాను.

"పెట్టుకుని మీరే చదువుకోండి," అన్నాను.

ఇంటి ముందు ట్రాక్టరు ఆపాక బాబాయి నా వైపు తిరిగాడు.

"వానాకాలం సార్వా ధాన్యం కూడా ఆ మిల్లుకే తోలాలి. అప్పుడు నువ్వు తోలుకెళ్తావేంట్రా?"