బిడ్డ దోవలోనే ఉండాది

దయ్యాలంటే నాకు నవ్వు. మా అత్త కాలు బెణికినా మంత్రించిన అంత్రం కట్టించేది, నేను గుడ్డ చుట్టుకొని మగ్గం ముందు కూర్చునేదాన్ని. ఇప్పటికీ నమ్మను. ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

ఎనభైల్లో మాట. ధర్మవరంలో కాపురం. పెళ్లయిన చాలా ఏళ్లకు నెల తప్పాను. అంతలోనే పొత్తికడుపులో ఓ పక్క నొప్పి. అనంతపురంలో కొత్తగా స్కానింగ్ వచ్చిందని, కోతా సూదీ లేకుండా కడుపులోది తెర మీద చూస్తారని మా ఆయన తీసుకెళ్లాడు.

పొద్దున్నుంచి నేను గుక్కెడు నీళ్లు తాగలేదు. బస్సులో ఒంటికి వస్తే ఎక్కడ దిగాలి? మా ఆడవాళ్లందరికీ అదే అలవాటు. నర్సేమో నీళ్లు బాగా తాగి ఆపుకోవాలనీ, అప్పుడే గర్భసంచి కనపడుతుందనీ, లేకుంటే రేపు రమ్మనీ చెప్పింది. అక్కడి కుండ చూస్తే ఎండిపోయి ఉంది. ఆ ఏడు ఊరికే నీళ్లు లేవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. మా ఆయన తిట్టుకుంటూ నీళ్లు వెతకను పోయాడు.

బెంచీ మీద నా పక్కన ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. అడక్కుండానే ఇత్తడి చెంబు నా చేతికిచ్చింది. నీళ్లు చల్లగా, కాస్త ఉప్పగా ఉన్నాయి. మొత్తం తాగేశాను.

"ఈ పొద్దే చూపించుకోని పో పాపా. బిడ్డ దోవలోనే ఉండాది" అంది.

దీవెన అనుకున్నాను. సంతోషంతో ఏడుపొచ్చింది. చాలాసేపటికి కడుపు బిగిసింది, నర్సు పిలిచింది.

డాక్టరమ్మ తెర మీద నల్లటి మడుగు చూపించి, మూత్రాశయం బాగా నిండిందని మెచ్చుకుంది. దాని వెనక గర్భసంచి ఖాళీ. ఆమె చెయ్యి పక్కకు జరిగి ఆగిపోయింది.

"బిడ్డ సంచిలోకి రాలేదమ్మా. ట్యూబులో, దోవలోనే ఆగిపోయింది. అది పగిలే లోపల ఆపరేషన్ చెయ్యాల. రేపు వచ్చింటే నువ్వు దక్కేదానివి కాదు."



నన్ను బయటికి తెచ్చేసరికి మా ఆయన నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. పక్కన కూర్చున్న ముసలమ్మ నీళ్లిచ్చిందని చెప్పాను. ఆయన నర్సు వైపు చూశాడు.

"ఏ ముసలమ్మ, అన్నా? ఆ బెంచీ మీద ఈయమ్మ ఒక్కతే కూర్చోనుండె" అంది నర్సు.

ఆ బిడ్డ దక్కలేదు. నేను దక్కాను.

ఆ స్కానింగ్ ఫోటో నా దగ్గరే ఉంది. వెలిసిపోయింది, గర్భసంచి ఏదో ట్యూబు ఏదో పోల్చుకోలేను. నల్లటి మడుగు మాత్రం కనపడుతుంది. గుక్కెడు నీళ్లు తాగకుండా ఇల్లు కదిలిన నా కడుపులో అవి ఎవరి నీళ్లో, ఇవాళ్టికీ నాకు తెలీదు.