మూసిన తలుపుకు ఆనించిన చెవి

ఆ సినిమా అంటే నాకు ఇరవై ఏళ్లుగా పిచ్చి. ఒక ఓడరేవు ఊళ్లో గది అద్దెకు తీసుకుని, అదే ఇంట్లో ఉండే ముగ్గురు ఆడవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని చంపిన మనిషి కథ అది. నిజంగా జరిగిందే. ఒక విలేఖరి ఆ కేసు వెంట ఏళ్ల తరబడి తిరిగి పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్నే నలుపు తెలుపుల్లో సినిమాగా తీశారు. పుస్తకం నాలుగుసార్లు చదివాను. సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

హన్మకొండలో మేం పదిహేను మందిమి, ఎక్కువగా లెక్చరర్లం, నెలకో ఆదివారం పొద్దున ఒక చిన్న లైబ్రరీ హాల్లో పాత సినిమా చూసి మాట్లాడుకుంటాం. పోయిన ఎండాకాలం ఈ సినిమా వేసింది నేనే, తర్వాత అరగంట మాట్లాడిందీ నేనే. ఒక్క హత్య కూడా చూపించకుండా మూసిన తలుపు మీదే కెమెరాను నిలబెట్టిన దర్శకుడి ధైర్యం గురించి చెప్పాను. హంతకుడు చాయ్ కప్పును సాసర్ మీద చప్పుడు కాకుండా దించే తీరును నా వేళ్లతో చేసి చూపించాను. అందరూ నవ్వారు.

"ఏం యాక్టింగన్నా! వాణ్ని చూస్తాంటె ప్రేమే పుడ్తాంది," అన్నాడు ముందు వరుసలో కూర్చున్న మిత్రుడు. ఇంకొకాయన వాడి చిన్నతనం గురించి అడిగాడు. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. వాడికి ఏ కూర ఇష్టమో కూడా చెప్పాను.

ఆ లైబ్రరీ ఊడ్చి, పుస్తకాలు సర్ది, మాకు చాయ్ పెట్టే ఆమెను మేమందరం అక్క అన్నట్టు ఆపా అంటాం. యాభై ఏళ్లుంటాయి. ప్రతిసారీ వెనక గోడ దగ్గర స్టూలు వేసుకుని సినిమా చూస్తుంది, ఏమీ మాట్లాడదు. ఆ రోజు లేచి నిలబడింది.

"సారూ, జర ఒక మాట. ఆ సచ్చిపోయిన ఆడోళ్ల పేర్లేంది?"

మొదటి పేరు చెప్పాను. రెండోది తడుముకుంటే సగం వచ్చింది. మూడోది రానే రాలేదు. హంతకుడు పెంచుకున్న పిల్లి పేరు మాత్రం నాలుక మీదే ఉంది.

"గట్లనే ఉంటది సారూ," అంది, కోపం లేకుండానే.

అందరూ వెళ్లాక, కప్పులు కడుగుతున్న ఆమె దగ్గరికి పోయి ఎందుకడిగావన్నాను.

"మా తమ్ముడు ఆటో నడిపెటోడు. ఆరేండ్ల కింద, డోర్నకల్ కిరాయుందని తీస్కపోయి ఇద్దరు కలిసి చంపిండ్రు. ఆటో కోసం సారూ! దాని మీద ఎవరో వీడియో తీసిండ్రు. ఇప్పటికీ ఫోన్లల్ల తిరుగుతాంది. వాని బిడ్డ కంట్ల పడ్తదని మాకు ఒకటే ఫికరు."

ఇంటికి వచ్చి వెతికితే రెండు నిమిషాల్లో దొరికింది. చంపిన ఇద్దరిలో ఒకడి వేషానికి నల్ల కళ్లద్దాలు, నెమ్మది నడక, వెనక దడదడలాడే సంగీతం. ఆపా తమ్ముడి వేషం కట్టినవాడు కాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే, ఆ ఏడుపును మూడుసార్లు తిప్పి తిప్పి చూపించారు. అతని పేరు ఎక్కడా లేదు. 'ఆటోవాలా' అన్నారంతే. కింద ఒకడు 'విలన్ మాస్ ఉన్నడు బ్రో, పార్ట్ టూ తీయండి' అని రాశాడు.

లేచి పోయి వాంతి చేసుకున్నాను. రోత ఆ వీడియో మీదే అయితే బాగుండేది. కానీ పొద్దున ముందు వరుసలోంచి వచ్చిన మాటకూ దీనికీ తేడా ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు. పైగా వీడియోను మధ్యలో ఆపకుండా చివరిదాకా చూశాను. చాయ్ కప్పు నటన చేసి నవ్వులు పుట్టించిన నా చేతిని చూసుకుంటే నాకే ఏవగింపు కలిగింది.

మర్నాడు పుస్తకం తీశాను. హంతకుడు కనిపించిన ప్రతిచోటా నా పెన్సిల్ గీతలున్నాయి. మూడో ఆమె గురించిన పేజీల్లో ఒక్క గీత లేదు. ఆమె గుండీల కొట్లో పనిచేసేది, చెవులు సరిగా వినపడేవి కావు, వారం వారం చెల్లెలికి ఉత్తరం రాసేది. రచయిత అదంతా ఎంతో ఓపికగా, ప్రేమగా రాశాడు. నేనే గబగబా తిప్పేసి ముందుకు పోయాను. సినిమా తప్పూ కాదు. చావబోయే మనిషికి కాస్త మర్యాద దక్కాలని దర్శకుడు తలుపు మూశాడు. నేను దాన్ని టెక్నిక్ అని పొగుడుతూ, ఆ తలుపుకే చెవి ఆనించాను.

తర్వాతి నెల ఇదంతా మా వాళ్లకు చెప్పాను. "ఊకో అన్నా, సినిమాను సినిమా లెక్క చూడాలె. ఇయ్యాల ఏం పెడ్తానవ్?" అన్నాడు అదే మిత్రుడు. లేచి బయటికి వచ్చేశాను. మళ్లీ అక్కడికి సినిమా చూడటానికి పోలేదు.

వీడియో తీసేయమని ఆ యాప్ వాళ్లకు ఫిర్యాదు పెడితే, అందులో నిబంధనలకు విరుద్ధమైనదేమీ లేదని జవాబొచ్చింది. లైబ్రరీకి పోయి ఆపాకు చెప్పాను.

"తెల్సు సారూ. మేం గూడ పెట్టినం, గదే అన్నరు."

తమ్ముడి పేరు అడిగితే చెప్పింది. పండగొస్తే పిల్లలందరినీ ఆటోలో కుక్కి ధర్మసాగర్ చెరువు చూపించడానికి తీసుకుపోయేవాడని, దారి పొడుగునా రాగం లేని పాటలు పాడేవాడని చెప్పి నవ్వింది. అతని గురించి రాయనా అన్నాను.

"రాయుండ్రి. పేరు మాత్రం రాయకుండ్రి సారూ. మళ్ల ఎవడన్న ఆ వీడియో ఎతుకుతడు."