పూత మందు కోసం బంగారుపాళ్యం పోతే

మా మిద్దె మీది గుండుమల్లె రెండేళ్లుగా ఆకులు వేస్తోందే కానీ మొగ్గ వేయడం లేదు. నర్సరీ మందులతో విసిగిపోయి, ఇంట్లో చేసుకునే పూత మందుల కోసం ఫోనులో వెతికితే, వచ్చిన వ్యాసాలన్నీ గంజాయి మొక్కల గురించే! అరటితొక్కల నీళ్లు, సముద్రపు నాచు, బెల్లపు మడ్డి, ఎవరో దొరగారు కన్నబిడ్డకు పెట్టినట్టు పెట్టి మరీ పూయిస్తున్నాడు. "పోలీసుల్ని ఇంటికి పిలిపించేటట్టున్నావే" అని మా ఆయన ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండి, తిరుపతి రైతుల సంతకు పిల్లలతో వెళ్లినప్పుడు పరిచయమైన మునెమ్మకు ఫోను చేశాను. "గుడ్లు నిమ్మరసంలో ఊరేసిన మందుండాది, వొచ్చి నేర్చుకోని పోమ్మా" అంది.

తెల్లవారగానే చిత్తూరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. పూతలపట్టు దాటేదాకా రోడ్డు కనిపించనంత పొగమంచు. చిత్తూరులో ఇడ్లీ తిని, పలమనేరు బస్సెక్కి బంగారుపాళ్యంలో దిగాను. అక్కడి నుంచి మునెమ్మ వాళ్ల తోటకు ఆటో ఎనభై రూపాయలు. మునెమ్మ పేరు చెప్పగానే డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. "ఈ పొద్దు ఆడ సెట్టును బెదిరిస్తారంట గదమ్మా. నేను గేటు కాడే దింపేస్తా, లోపలికి రాను" అన్నాడు. ఎందుకని అడిగితే పాట సౌండు పెంచాడు.

తోటలో ఒక్క పిట్ట కూత లేదు. మునెమ్మ జాడీ మూత తీస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. పది రోజులు నిమ్మరసంలో ఊరి గుడ్లు పెంకుతో సహా కరిగిపోయాయి. బెల్లం కలిపి ఇంకో పది రోజులు ఉంచి, బిందెడు నీళ్లకు గరిటెడు పోయాలట. గూడూరు నిమ్మకాయలకే రసం ఎక్కువట. పెరట్లోని మామిడి చెట్టుకు చెంబుడు పోసి, ఆమె ఒక గ్లాసు నింపి కోడలు రేవతి చేతికిచ్చింది. "ఇది మనుషులు తాగేదా?" అన్నాను. "ఇద్దురికీ ఒకటే మందు" అంది మునెమ్మ. రేవతి కళ్లు మూసుకుని తాగేసింది. ఆ చెట్టు ఆమె పెళ్లినాడు నాటింది. ఇన్నేళ్లలో దానికి పూత రాలేదు, ఈమెకు పిల్లలు పుట్టలేదు.

పూయని చెట్టును ఒకరు గొడ్డలెత్తి బెదిరించడం, ఇంకొకరు అడ్డం పడి ఈ ఏడు పూస్తుందని మాటివ్వడం ఈ వైపు అలవాటు. ఉత్త నాటకమే కదా అనుకున్నాను. మునెమ్మ భర్త చెంగల్రాయుడు గొడ్డలెత్తి, "పూస్తావా, నరికేమంటావా?" అని అరిచాడు. చూపు మాత్రం చెట్టు వెనక నిలబడ్డ కోడలి మీద ఉంది. "వద్దు మామా" అనాల్సింది ఆమే. అనలేదు. ఆయన మళ్లీ అడిగాడు. ఆమె ముఖంలో భయం లేదు, సన్నటి నవ్వుంది. ఆ నవ్వుకు నా వెన్ను జలదరించింది. గొడ్డలి కదిలింది.

"వద్దండీ! ఇంకొక్క ఏడు చూడండి, పూస్తుంది!" అని అరిచేశాను.

గొడ్డలి కిందికి దిగింది. "సరే, బిడ్డలున్న తల్లి మాట. ఇంగో ఏడాది ఇద్దురినీ సూస్తాం" అన్నాడాయన.

రేవతి నన్ను స్కూటీ మీద హైవే దాకా దింపింది. బస్సు కోసం నిలబడ్డాక అడిగింది. "ఎందుకడ్డమొచ్చినారక్కా? సెట్టు నరికితే నన్నూ పుట్టింట్లో ఇడిసిపెడతానని మా మామ ఊరి ముందర సెప్పినాడు. గుడ్డలు సర్దిపెట్టుకోనుండా."

"నువ్వే వెళ్లిపోవచ్చు కదా?"

"నేనుగా పోతే మా నాయన గడప తొక్కనీడు. వాళ్లు పంపిస్తేనే నాకు దారి."

తిరుగు బస్సులో మందు సీసా ఒడిలోనే ఉన్నా దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. చెట్టును కాపాడానని పొంగిపోయిన మనిషిని నేను. బిడ్డలున్న తల్లినని నా మాటకు విలువిచ్చారు, ఆ విలువతోనే ఆమెకు ఇంకో ఏడాది శిక్ష పడింది. తలుచుకుంటే దుఃఖమూ భయమూ కలిసి వస్తున్నాయి. మీరూ మందు నేర్చుకోవడానికి వెళ్లేట్టయితే చలి మొదలయ్యే రోజుల్లో, పూతకు ముందే వెళ్లండి. చెట్టును బెదిరించేటప్పుడు పక్కన నిలబడమంటే నిలబడండి. వద్దనాల్సిన మనిషి నోరు విప్పకపోతే మాత్రం, ఆమె బదులు మీరు మాట్లాడకండి.