పెద్దాయన మీద కట్టలేని పాట

కరీంనగర్‌లో ఒక జానపద పాటల చానెల్‌కు ఆరేళ్లు పాటలు రాశాను. బావామరదళ్ల పాట, బరాత్ పాట, బతుకమ్మ పాట, ఏది అడిగితే అది. వారానికి ఒకటి, పండగలొస్తే మూడు. మొదట్లో బస్సులో నిలబడ్డా పల్లవి తట్టేది. పోనుపోను కూర్చుని పిండుకోవాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం స్టూడియోలో కొత్త పాట రికార్డు చేస్తున్నాం. పాడే అమ్మాయి రెండు లైన్లు పాడి ఆగిపోయింది. అద్దం అవతల నుంచి నన్నే చూసింది.

"అన్నా, ఏమనుకోకు. గీ చరణం మనం ఎండకాలంల పాడినం గదా."

నిజమే. ఒక్క అక్షరం తేడా లేదు. పాతది తీసి పెట్టలేదు, కొత్తగానే రాశాను. పొద్దున రాసినప్పుడు బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా. చానెల్ నడిపే ఆయన కోప్పడలేదు. ఒక నెల ఎక్కడికైనా పోయి రమ్మన్నాడు. మనసు కుదుటపడితే పాట అదే వస్తుందన్నాడు.

ఉట్నూర్‌లో అక్క దగ్గరికి పోయాను. అక్కాబావలు ఇద్దరూ టీచర్లు, పొద్దున పోతే సాయంత్రానికి వస్తారు. వెంట తెచ్చుకున్న నోటుబుక్కును మూడో రోజే బట్టల అడుగున పెట్టేశాను. ఇంట్లో ఒక్కడినే గోడలు చూస్తూ పడుకునేవాణ్ని.

పక్కింటి పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఉట్నూర్ నుంచి జైనూర్‌కు ప్యాసింజర్ల జీపు నడుపుతున్నాడు. ఒక రోజు నన్ను చూసి, ఒక్కనివే ఇంట్ల ఏం జేస్తవ్, వచ్చి కూసో అన్నాడు. ఆ రోజు నుంచి ముందు సీటు నాదే. జైనూర్‌కు పోవడం, చాయ్ తాగడం, మళ్లీ రావడం. దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు. ఏ మలుపు దగ్గర బండి ఆగిపోయింది, ఏ వాగు పొంగితే జనాన్ని ఎట్లా దాటించాడు, వెనక సీట్లో కాన్పయిన ఆడబిడ్డ ఏ ఊరిది. నేను ఊ కొడుతూ అడవి వైపు చూసేవాణ్ని. నా పనేమిటని ఆయన ఒక్కసారీ అడగలేదు. అదే నాకు హాయిగా ఉండేది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే తిరిగితే బాగవుతానని నమ్మాను. చానెల్‌కు ఫోన్ చేసి ఇంకో పదిహేను రోజులు గడువు అడిగాను.

ఆ గడువులోనే ఒక పొద్దున పెద్దాయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

ఆరో రోజు ఆయన భార్య మా ఇంటికొచ్చింది. నేను పాటలు రాస్తానని అక్క ఎప్పుడో చెప్పిందట.

"బిడ్డా, నువ్వు ఆయన పక్కపొంటి నెల దినాలు తిరిగినవు. పదకొండో దినంనాడు పాడిపిస్తం, ఆయన మీద ఒక పాట కట్టియ్యి. నాలుగు ముక్కలు సాలు."

సరే అన్నాను. మర్నాడు పొద్దున్నే నోటుబుక్కు తీశాను. అడవితల్లి ఒడి వచ్చింది, కన్నీటి వాగు వచ్చింది, తిరిగిరాని తొవ్వ వచ్చింది. అన్నీ నేను ఇదివరకు ఎవరెవరి చావు పాటల్లోనో వాడినవే. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతాయి. కొట్టేశాను. ఆయన చెప్పిన ముచ్చట్లను గుర్తు తెచ్చుకోబోయాను. వాగు పేరు గుర్తు లేదు. ఆ కాన్పయిన ఆమె ఊరు గుర్తు లేదు. నెల రోజులు పక్కనే కూర్చుని నేనేమీ వినలేదు. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. అక్క అడిగితే దిద్దుతున్నానని అబద్ధం చెప్పాను.

పదో రోజు సాయంత్రం ఆమె దగ్గరికి పోయాను. మర్నాటి వంటకు బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మా, నాకు పాట రాలే."

చేట మీది నుంచి చెయ్యి తీయకుండానే అంది. "రాకుంటే ఏం జేస్తవ్ తియ్యి బిడ్డా. ఆయన రోజు ఇంటికొచ్చి చెప్పేటోడు, గా పిలగాడు నా ముచ్చట మంచిగ ఇంటడు అని."

అప్పుడు కూడా నిజం చెప్పలేదు.

పదకొండో రోజు పాట లేకుండానే గడిచింది. చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చునే వేళ ఆమె ఒక్కసారిగా ఏడ్చింది. రేపు పొద్దుగాల చాయ ఎవలకు పోయాలె, జీపు సప్పుడు ఎక్కడ వినాలె అని రాగం తీసి ఏడ్చింది. నా తల ఆ మాటలను అప్పుడే తాళానికి సరిచూసుకోవడం మొదలుపెట్టింది. చాయ దగ్గర లైను విరిస్తే పల్లవి అవుతుందని లెక్క వేసింది. నా మీద నాకే అసహ్యమేసింది. తినకుండా లేచి వచ్చేశాను.

తెల్లారి కరీంనగర్ బస్సెక్కాను. చానెల్‌కు అప్పటికే ఇంకొకతను రాస్తున్నాడు. పాట వచ్చినప్పుడు రాద్దువు లెమ్మని చానెల్ ఆయన మర్యాదగానే చెప్పాడు. మళ్లీ అటు పోలేదు. ఇప్పుడు ఒక ప్రెస్సులో పెళ్లి పత్రికల్లో అచ్చుతప్పులు దిద్దుతున్నాను. ఇంటిపేర్లు, ముహూర్తాలు, బంధుమిత్రుల అభినందనలతో. ఆ పని తప్పుల్లేకుండా చేస్తానని పేరుంది.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఏమన్నా రాసినవా అని అడిగేది. ఈ మధ్య అడగడం మానేసింది.